కారు టైరు మీది బరువు అంకె: మన లోడుకు, మన దారులకు ఏ టైరు సరిపోతుంది?

నాలుగేళ్ల క్రితం ఎండాకాలంలో శ్రీశైలం నుండి నల్లగొండకు తిరిగి వస్తూ, డిండి దాటాక దేవరకొండ దారిలో టీ కోసం ఆగినప్పుడు, మా కారు వెనుక ఎడమ టైరు పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపించింది. కారులో ఐదుగురం పెద్దవాళ్లం ఉన్నాం, డిక్కీ నిండా సామాను ఉంది. స్టెప్నీ మార్చుకుని నెమ్మదిగా ఇల్లు చేరాం. ఆ టైర్లు వేయించి అప్పటికి ఆరు నెలలే అయింది. మరునాడు పాత బిల్లును, డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉన్న స్టిక్కరును పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలిసింది. కంపెనీ మా కారుకు చెప్పిన కొలత 165/80 ఆర్14 85 టి. మేము వేయించినది 175/65 ఆర్14 82 టి. "ఇది ఎడల్పు టైరు సార్, బండి రోడ్డుకు గట్టిగ పట్టుకుంటది" అని దుకాణంలో చెప్పారు. వెడల్పు పెరిగింది కనుక బలమూ పెరిగే ఉంటుందని మేమూ నమ్మాం. నిజానికి ఒక్కో టైరు మోయగలిగిన బరువు 515 కిలోల నుండి 475 కిలోలకు పడిపోయింది.

ఉబ్బుకు అసలు కారణం ఏ గుంతలోనో తగిలిన దెబ్బ అయి ఉండవచ్చు. పక్క గోడ లోపలి దారాలు తెగితేనే అలా ఉబ్బుతుంది. అయితే పాత టైరు పక్క గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, కొత్తదానిది 114 మిల్లీమీటర్లు. దెబ్బను ఓర్చుకునే ఎత్తు తగ్గింది, మోసే శక్తి తగ్గింది, పైన నిండు లోడు. ఆ రోజు నుండి ఎవరు టైర్ల గురించి అడిగినా నేను మొదట బ్రాండు పేరు చెప్పడం మానేశాను. కొలత చివర అక్షరానికి ముందు ఉండే ఆ రెండంకెల సంఖ్యను (మా విషయంలో 85, 82) చూడమంటున్నాను.

అంకెలు చదవడం

టైరు పక్క మీద 185/65 ఆర్15 88 హెచ్ అని ఉందనుకుందాం. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని అర్థం. ఆర్ అంటే రేడియల్ కట్టు, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాలలో. ఇంతవరకు చాలామందికి తెలుసు. దుకాణంలో మాట్లాడుకునేది కూడా ఇంతవరకే. తరువాత వచ్చే 88 లోడ్ ఇండెక్స్. ఈ వ్యాసంలో దానిని బరువు అంకె అంటాను. చివరి అక్షరం వేగానికి సంబంధించినది.

బరువు అంకె కిలోలు కాదు, ఒక పట్టికలోని వరుస సంఖ్య. 82 అంటే 475 కిలోలు, 85 అంటే 515, 88 అంటే 560, 91 అంటే 615, 95 అంటే 690, 100 అంటే 800 కిలోలు. అంకె ఒకటి పెరిగితే మోసే బరువు రెండున్నర నుండి మూడు శాతం వరకు పెరుగుతుంది. కాబట్టి 85కూ 82కూ మధ్య తేడా మూడే కదా అనిపించినా, అది ఒక్కో టైరుకు 40 కిలోలు, నాలుగు టైర్లకు కలిపి 160 కిలోలు. మిర్యాలగూడ మిల్లులో కట్టే 25 కిలోల బియ్యం బస్తాలలో చెప్పాలంటే ఆరు బస్తాలకు పైన.

వేగం అక్షరం విషయం తొందరగా ముగించవచ్చు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, టి అంటే 190, హెచ్ అంటే 210, వి అంటే 240. మనం జాతీయ రహదారి మీద కూడా అంత వేగంగా వెళ్లం కనుక ఈ అక్షరం మనకు పట్టదని కొందరు అంటారు. అది సరికాదు. ఈ అక్షరం టైరు ఎంత వేడిని తట్టుకోగలదో చెప్పే కొలత కూడా. వేసవిలో గాలే 45 డిగ్రీలకు చేరి, తారు అంతకన్నా బాగా కాలిపోయే మన జిల్లాలలో కంపెనీ ఇచ్చిన అక్షరం కన్నా కింది అక్షరానికి దిగకూడదు. టి ఉన్నచోట హెచ్ వేసుకుంటే నష్టం లేదు.

వెడల్పు పెరిగినా మోసే శక్తి ఎందుకు తగ్గుతుందన్న సందేహం మీకు రావచ్చు. బరువును మోసేది రబ్బరు కాదు, లోపల బంధించి ఉన్న గాలి. టైరు కట్టు ఆ గాలిని పట్టి ఉంచే సంచి లాంటిది. గాలి పట్టే చోటు ఎంత, ఎంత ఒత్తిడితో నింపాం అన్న రెండు లెక్కలే ప్రధానం. 175/65 టైరు పది మిల్లీమీటర్లు వెడల్పయినా ఎత్తు బాగా తగ్గడం వల్ల లోపలి చోటు తగ్గింది, దానితో పాటే బరువు అంకె కూడా తగ్గింది.

ఆ అంకె ఎంత గాలి ఉంటే నిజం?

టైరు మీద రాసిన బరువు అన్ని వేళలా వర్తించేది కాదు. మామూలు కారు టైరు విషయంలో అది లోపల సుమారు 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, పంక్చరు దుకాణాలలో పాయింట్లు అనేది ఇదే) గాలి ఉన్నప్పటి లెక్క. గాలి తగ్గినకొద్దీ మోసే శక్తి తగ్గుతుంది. 85 అంకె ఉన్న టైరు 36 దగ్గర 515 కిలోలు మోస్తే, 30 దగ్గర మోసేది సుమారు 445 కిలోలే. 24కు దిగజారితే దాదాపు 370. అదే 82 అంకె ఉన్న టైరు 30 దగ్గర సుమారు 410, 24 దగ్గర 345 కిలోలు మాత్రమే మోస్తుంది.

దీనిని ఒక ప్రయాణానికి అన్వయించి చూద్దాం. ఖాళీ బరువు 900 కిలోలు ఉన్న ఒక చిన్న కారు మిర్యాలగూడ నుండి హైదరాబాదుకు బయలుదేరిందనుకుందాం. ఐదుగురు పెద్దవాళ్లు కలిసి 350 కిలోలు. కొడుకు ఇంటికి నాలుగు బస్తాల బియ్యం, అంటే 100 కిలోలు. పచ్చళ్లు, నూనె డబ్బా, బత్తాయిల సంచి, బట్టల పెట్టెలు కలిపి ఇంకో 40. మొత్తం 1,390 కిలోలు. ఈ తరహా చిన్న కార్లకు కంపెనీ అనుమతించే మొత్తం బరువు దాదాపు ఇంతే ఉంటుంది, కొన్నిటికి ఇంతకన్నా తక్కువే ఉంటుంది.

నాలుగు టైర్లు కలిపి 2,060 కిలోలు మోస్తాయి కదా, ఇంకా 670 కిలోల వెసులుబాటు ఉంది కదా అని ఎవరైనా లెక్క వేయవచ్చు. ఆ లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నాయి. మొదటిది, బరువు నాలుగు టైర్ల మీద సమంగా పడదు. ఇంజను ముందు ఉండే కారు ఖాళీగా ఉన్నప్పుడు ముందు టైర్ల మీద ఎక్కువ బరువు ఉంటుంది, కానీ వెనుక సీటులో ముగ్గురు కూర్చుని డిక్కీలో బస్తాలు వేసేసరికి కొత్తగా చేరిన బరువులో ఎక్కువ భాగం వెనుకకే పోతుంది. మన ఉదాహరణలో వెనుక రెండు టైర్ల మీద సుమారు 760 కిలోలు పడతాయి, అంటే ఒక్కోదాని మీద 380. రెండవది గాలి. మూడు నాలుగు నెలలుగా గాలి చూడని టైరులో 24 పీఎస్ఐ మాత్రమే ఉండటం అరుదేమీ కాదు. సరైన 85 టైరు కూడా ఆ గాలితో 370 కిలోలే మోయగలదు, పడుతున్నది 380. దాని స్థానంలో 82 టైరు ఉంటే 345 మోసే చోట 380 పడుతోంది. అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపించే కారు చిట్యాల దగ్గరకు వచ్చేసరికి పక్క గోడ మరిగిపోయే స్థితికి చేరేది ఇలాగే. ఇక శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి, దోమలపెంట నుండి కిందికి దిగే మలుపులలో బరువు బయటివైపు టైర్ల మీదికి మరింతగా ఒరుగుతుంది.

ఇక్కడే మన ప్రాంతంలో గట్టిగా నాటుకుపోయిన ఒక నమ్మకం గురించి చెప్పాలి. ఎండాకాలంలో వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుంది కాబట్టి రెండు మూడు పాయింట్లు తక్కువ కొట్టించాలని పంక్చరు దుకాణాలలోనే కాదు, చదువుకున్నవాళ్లు కూడా అంటారు. వ్యాకోచించడం నిజమే. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. టైరును తయారు చేసేవారు ఆ పెరుగుదలను ముందే లెక్కలోకి తీసుకుంటారు. టైరును చంపేది ఆ పెరిగిన ఒత్తిడి కాదు, తక్కువ గాలి వల్ల పక్క గోడ ప్రతి చుట్టుకూ వంగి లేవడం. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వంచిన చోట వేడెక్కి తెగినట్టే, రబ్బరూ దారాలూ వేడెక్కి విడిపోతాయి. తక్కువ గాలి, ఎక్కువ లోడు, కాలుతున్న రోడ్డు, ఆగకుండా సాగే వేగం కలిసిన మధ్యాహ్నమే టైర్లు పగిలే మధ్యాహ్నం. కాబట్టి ఎండాకాలంలో గాలి తగ్గించకండి. కారు కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, స్టిక్కరు మీద ఉన్నంత గాలి పెట్టించండి. దారిలో వేడి టైరులో 36కు బదులు 40 కనిపిస్తే దానిని తీయించవద్దు, అది చల్లబడితే మళ్లీ 36కే వస్తుంది. ఆ స్టిక్కరు మీద చాలా కార్లకు రెండు వరుసలు ఉంటాయి: ఇద్దరు ముగ్గురు ఉన్నప్పటిది ఒకటి, నిండు లోడుది ఇంకొకటి. మన్యంకొండ జాతరకో కురుమూర్తి జాతరకో కుటుంబమంతా బయలుదేరే రోజున చూడవలసింది రెండో వరుస. టైరు పక్క మీద 44 లేదా 51 పీఎస్ఐ అని గరిష్ఠ గాలి రాసి ఉంటుంది. అది హద్దు మాత్రమే, కొట్టించుకోవలసిన కొలత కాదు.

నైట్రోజన్ పెట్టిస్తే ఈ గొడవ ఉండదా అని అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొంచెం నెమ్మదిగా దిగుతుందేమో గానీ, నెలకు ఒకసారి చూడవలసిన పని తప్పదు.

ఏ టైరు ఎవరికి

ఎక్కువమందికి నేను చెప్పేది ఒక్కటే: కంపెనీ ఇచ్చిన కొలత, కంపెనీ ఇచ్చిన బరువు అంకె లేదా అంతకన్నా ఎక్కువ అంకె. ఇంటి నుండి బడికి, బజారుకు, నెలకొకసారి హైదరాబాదుకు తిరిగే కారుకు ఇంతకన్నా ఆలోచించవలసింది లేదు. మిగిలిన డబ్బును, శ్రద్ధను గాలి మీద, అలైన్‌మెంటు మీద పెట్టడం మేలు.

ఒకే కారులో కింది మోడలుకు 14 అంగుళాల రిమ్ము, పై మోడలుకు 15 అంగుళాల రిమ్ము ఇస్తుంటారు. మా కారుదీ అదే పరిస్థితి. 165/80 ఆర్14 85 స్థానంలో 185/65 ఆర్15 88 వేయించుకోవచ్చా అంటే, రిమ్ములు కూడా మార్చుకునే స్తోమత ఉండి, ఆ కారు పై మోడలుకు కంపెనీ స్వయంగా అదే కొలత ఇచ్చి ఉంటే, వేయించుకోవచ్చు. మొదటి టైరు మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు, రెండవదానిది 622. స్పీడోమీటరు తప్పు చూపించదు, చక్రాల గూడుకు తగలదు. బరువు అంకె కూడా 515 నుండి 560కి పెరుగుతుంది. పక్క గోడ ఎత్తు 132 నుండి 120 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అది భరించదగినదే. మేము చేసిన పొరపాటు మార్పులో మాత్రం మొత్తం ఎత్తు 583కు పడిపోయింది. కారు నేలకు దగ్గరైంది, మీటరు అసలు వేగం కన్నా ఎక్కువ చూపించింది, వేగనిరోధకాల మీద అడుగుభాగం తగిలింది. ఇవన్నీ ఆరు నెలలు చూస్తూ కూడా టైరును అనుమానించలేదు.

అల్లాయ్ రిమ్ములతో 195/55 ఆర్16 87 వైపు వెళ్లాలనుకునే కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. కాగితం మీద చూస్తే అభ్యంతరం కనిపించదు. మొత్తం ఎత్తు 621, బరువు అంకె 87 అంటే 545 కిలోలు, అంటే పాతదానికన్నా ఎక్కువే. అయినా నేను వద్దంటాను. పక్క గోడ 107 మిల్లీమీటర్లే మిగులుతుంది. నల్లగొండ నుండి నార్కట్‌పల్లి వరకూ, అక్కడి నుండి హైదరాబాదు వరకూ మాత్రమే తిరిగే కారైతే సరే. చందంపేట వైపు, అచ్చంపేట లోపలి తండాల వైపు, మక్తల్ చుట్టుపక్కల కంకర తేలిన రోడ్ల మీద తిరిగే కారుకు ప్రతి గుంతా నేరుగా రిమ్ముకు తగులుతుంది. నిండు లోడు మీద అయితే రిమ్ముకూ రాయికీ మధ్య టైరు నలిగి దారాలు తెగుతాయి. బరువు అంకె పెద్దది కావడం ఒక్కటే చాలదనడానికి ఇదే ఉదాహరణ.

ఇక ఎక్స్‌ఎల్ అని రాసి ఉండే టైర్లు, అంటే ఎక్కువ లోడుకు గట్టి కట్టుతో చేసినవి. 185/65 ఆర్15 మామూలు టైరు బరువు అంకె 88 అయితే, ఎక్స్‌ఎల్ అంకె 92, అంటే 560కి బదులు 630 కిలోలు. ఊరి నుండి ధాన్యం, బస్తాలు తెచ్చుకునేవారికి ఇదే మంచిదని అమ్మేవారు అంటారు. వారు చెప్పకుండా వదిలేసే మాట ఒకటి ఉంది. ఆ 630 కిలోల లెక్క సుమారు 42 పీఎస్ఐ దగ్గరిది. ఎక్స్‌ఎల్ టైరులో కూడా మనం ఎప్పటిలాగే 36 పెట్టించుకుంటే అది మోసేది దాదాపు అదే 560. 30 దగ్గర కూడా రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. గాలి పెంచకుండా ఎక్స్‌ఎల్ కొనడం వల్ల మోసే శక్తి పెరగదు. పక్క గోడ కొంచెం గట్టిగా ఉండటం మాత్రం లాభమే, రాళ్ల దారులలో దానికి విలువ ఉంది. కారు కంపెనీయే ఎక్స్‌ఎల్ అడిగితే మాత్రం అందులో బేరం లేదు, అదే వేయాలి. విద్యుత్ కార్లలో బ్యాటరీ వల్ల అదే తరహా పెట్రోలు కారు కన్నా రెండు మూడు వందల కిలోల బరువు ఎక్కువ ఉండటం మామూలు. అలాంటి బండికి కొలత సరిపోయింది కదా అని పెట్రోలు మోడలు టైరు వేయించడం ప్రమాదం.

గ్యాసు కార్ల వారికి కూడా ఇదే జాగ్రత్త. కంపెనీలోనే సీఎన్‌జీ బిగించి వచ్చిన కారుకు సిలిండరు బరువు ముందే లెక్కలో ఉంటుంది, స్టిక్కరు ప్రకారం నడుచుకుంటే చాలు. కొన్న తరువాత బయట కిట్టు బిగించుకున్నవారు మాత్రం డిక్కీలో మూడు నాలుగు బియ్యం బస్తాలు ఎప్పటికీ దింపకుండా తిరుగుతున్నట్టు భావించాలి. వారికి వెనుక టైర్ల బరువు అంకె, గాలి రెండూ ముఖ్యమే, డిక్కీలో వేసే సామాను అంతమేరకు తగ్గించుకోవడం కూడా అవసరమే.

తోటల నుండి బత్తాయిలు, మార్కెట్ యార్డుకు పల్లీ బస్తాలు మోసే బొలెరో తరహా బండ్లది వేరే లెక్క. 215/75 ఆర్15 కొలతలో 100 అంకె, అంటే 800 కిలోలు మోసే కారు తరహా టైరు దొరుకుతుంది. సరుకు బండ్ల కోసం చేసిన ఎల్‌టీ, సి గుర్తుల టైర్లు కూడా దొరుకుతాయి. వాటి మీద 106/104 లాగా రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఇరుసుకు ఒక్కో వైపు ఒకే టైరు ఉన్నప్పటిది, అంటే 950 కిలోలు. రెండవది జంట టైర్లుగా బిగించినప్పటిది, 900 కిలోలు. 6 పీఆర్, 8 పీఆర్ (ప్లై రేటింగ్, అంటే పొరల లెక్క) అని ఉండే సంఖ్య కట్టు గట్టితనానికి గుర్తే తప్ప లోపల నిజంగా అన్ని పొరలు ఉన్నాయని కాదు. రోజూ సరుకు మోసేవారికి ఇవే సరైనవి. కానీ కుటుంబం కోసం వాడే కారుకు గట్టిగా ఉంటాయని వీటిని వేయించకూడదు. వీటి బరువు లెక్క దాదాపు 65 పీఎస్ఐ దగ్గరిది, కారు రిమ్ము మీద 35 పెట్టుకుని తిరిగితే ఆ 950 కిలోలు మోయడం మాట కల్ల. పైగా ఊగిసలాట ఎక్కువవుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

పాత టైర్ల గురించి కటువుగానే చెబుతాను. హైదరాబాదు నుండి వచ్చే వాడిన టైర్లు గ్రిప్పు బాగా ఉండి సగం ధరకే దొరుకుతాయి. అవి ఎంతకాలం తక్కువ గాలితో తిరిగాయో, ఏ గుంతలో దెబ్బ తిన్నాయో పైకి కనపడదు. దాని మీద రాసిన బరువు అంకె కొత్త టైరుకు వర్తించే మాట. లోపలి దారాలు అలసిపోయిన టైరుకు ఆ అంకె వర్తించదు. డబ్బు చాలనప్పుడు నాలుగు పాత టైర్ల కన్నా రెండు కొత్త టైర్లు కొని వెనుక వేయించడం మేలు. ముందు చక్రాలు నడిపే కారైనా సరే, కొత్తవి వెనుకనే ఉండాలి. తడి రోడ్డు మీద వెనుక భాగం జారితే సామాన్య డ్రైవరు అదుపు చేసుకోలేడు. ఒకే ఇరుసు మీద రెండు వేర్వేరు కొలతలు, వేర్వేరు బరువు అంకెలు ఎప్పుడూ ఉండకూడదు.

దుకాణంలో

వెళ్లేముందే తలుపు దగ్గరి స్టిక్కరును ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ప్రస్తుతం కారుకు ఉన్న టైర్లను చూసి కొలత రాసుకోవద్దు. మీకన్నా ముందు యజమాని తప్పు కొలత వేయించి ఉండవచ్చు. దుకాణదారుతో మాట్లాడేటప్పుడు "పద్నాలుగు ఇంచీల టైరు" అనకుండా "165/80 ఆర్14, 85 టి కావాలి" అని చివరి అంకె దాకా చెప్పండి. అలా అడిగితే ఎదుటివారు కూడా ఆ అంకె చూసి చూపిస్తారని నా అనుభవం. అడిగిన కొలత లేకపోతే రెండు రోజులు ఆగి తెప్పించుకోండి. మేము ఆ రోజు ఆగలేదు.

తరువాత తయారీ తేదీ. పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆ నాలుగు అంకెలు కొన్నిసార్లు టైరుకు ఒకవైపే ఉంటాయి, బిగించకముందే రెండు వైపులా తిప్పి చూడాలి. ఏడాది లోపు టైరు అయితే నేను నిశ్చింతగా తీసుకుంటాను, రెండేళ్లు దాటినదానిని రాయితీ ఇచ్చినా తీసుకోను. మన ఎండలకు రబ్బరు గోదాములో ఉన్నా పాతబడుతూనే ఉంటుంది. ఐదేళ్లు నిండిన టైర్లను, గ్రిప్పు ఎంత మిగిలినా, ఏడాదికొకసారి విప్పించి లోపలి వైపు చూపించాలి. దాంతోపాటు ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి. మన దేశంలో అమ్మే కారు టైరుకు అది తప్పనిసరి.

గ్రిప్పు ఎంత అరిగితే మార్చాలన్నది చట్టమే చెప్పింది: కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. గ్రిప్పు గాడుల అడుగున చిన్న అడ్డుకట్టలు ఉంటాయి, పైభాగం వాటితో సమానమైతే ఆ హద్దుకు చేరినట్టే. వానాకాలం ముందు మాత్రం నేను అంతవరకు ఆగను, 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్పిస్తాను. సాగర్ కాలువల పక్క రోడ్ల మీద నీళ్లు నిలిచిన చోట బ్రేకు వేసి చూసినవారికి ఈ తేడా తెలుసు.

బిగించాక చక్రాల బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయించండి, వాల్వులు కొత్తవి వేయించండి. బిల్లు మీద టైరు పూర్తి కొలతను బరువు అంకెతో సహా రాయించుకోండి, వారంటీ అవసరమైన రోజున అదే ఆధారం. చివరగా స్టెప్నీ చూడండి. కొన్ని కార్లకు మిగిలిన నాలుగింటి కన్నా చిన్న కొలత స్టెప్నీ ఇస్తారు. దాని మీద గంటకు 80 కిలోమీటర్ల హద్దు రాసి ఉంటుంది, బరువు అంకె కూడా తక్కువే ఉండవచ్చు. ఆ రోజు దేవరకొండ దారిలో మా స్టెప్నీ బిగించి గాలి చూస్తే 18 పీఎస్ఐ మాత్రమే ఉంది. దగ్గరలో గాలి కొట్టే దుకాణం దొరికేదాకా ఇద్దరం దిగి బస్సు కోసం నిలబడ్డాం, డిక్కీలోని సామాను కొంత ముందు సీటు దగ్గరికి జరిపాం. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం, ఎండ ఎక్కకముందు, ఇంటి దగ్గరే చిన్న గేజితో ఐదు టైర్లూ చూస్తాను. ఐదవది మొదట చూస్తాను.